మిరప ఇటు వచ్చింది, చెరకు అటు వెళ్లింది: ఓడలు మార్చిన ప్రపంచ చరిత్ర

"మిరపకాయ మనది కాదు, పోర్చుగీసువాళ్లు తెచ్చింది" అనే మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. దాని వెనకే "అన్నీ మన దగ్గరే పుట్టాయి, గుళ్ల మీద శిల్పాలే సాక్ష్యం" అని ఇంకొకటి వస్తుంది. రెండూ చదివినవాళ్లకు గందరగోళం మిగులుతుంది. గుంటూరు పేరు చెబితే మిర్చి గుర్తొచ్చే మనకు ఆ మిర్చి ఎక్కడో మెక్సికోలో పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు కూడా.

ఒక ఆధారం మన ఇళ్లలోనే ఉంది. చాలా తెలుగు ఇళ్లలో తద్దినం వంటలో మిరపకాయ వెయ్యరు, కారానికి మిరియాలే వాడతారు. టమాటా, ఆలుగడ్డ కూడా దగ్గరికి రానివ్వరు. పితృకార్యాల వంట అంత తేలిగ్గా మారదు కాబట్టి, మిరపకాయ రాకముందు వంట ఎలా ఉండేదో అందులో కొంత నిలిచిపోయింది. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల్లో నైవేద్యాలకు ఇవ్వాల్సిన సరుకుల్లో బియ్యం, నెయ్యి, పెసరపప్పు, మిరియాలు ఉంటాయి. ఎండుమిర్చి ఉండదు.

మిరప ఎక్కడిదన్న ప్రశ్నకు ఇలా జవాబు దొరుకుతుంది. అయితే దానికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక మొక్కో జంతువో ఓడెక్కి సముద్రం దాటినప్పుడు దానితో పాటు ఏం వెళ్లింది, ఏం వెనక ఉండిపోయింది? గత 500 ఏళ్లలో ఎవరి కడుపు నిండింది, ఎవరి ఊళ్లు ఖాళీ అయ్యాయి అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడింది.

పప్పుచారు గిన్నెలో నాలుగు దిక్కులు

ఒక మొక్కను మనిషి మొదట ఎక్కడ సాగులోకి తెచ్చాడో ఆ ప్రాంతాన్ని దాని పుట్టిల్లు అనుకుందాం. దాన్ని ఎలా కనిపెడతారు? దాని అడవి బంధువులు ఎక్కడ పెరుగుతున్నాయో చూస్తారు. ఎక్కడ ఎక్కువ రకాలున్నాయో చూస్తారు. తవ్వకాల్లో మాడిన గింజలు దొరికితే వాటి వయసు లెక్కిస్తారు. ఇప్పుడైతే డీఎన్‌ఏ కూడా పోల్చి చూస్తున్నారు. ఈ సాక్ష్యాలన్నీ ఒకే వైపు చూపిస్తే అనుమానం ఉండదు.

ఈ లెక్కన ఒక గిన్నెడు పప్పుచారు చూడండి. కంది మనదే. దాని అడవి బంధువు ఒడిశా, బస్తర్ కొండల్లో ఇప్పటికీ ఉంది. కరివేపాకు మనదే. చింతచెట్టు మాత్రం ఆఫ్రికాదని ఎక్కువమంది వృక్షశాస్త్రవేత్తలు చెబుతారు, కాకపోతే అది ఇక్కడికి వచ్చి వేల ఏళ్లు దాటింది. ఉల్లిగడ్డ మధ్య ఆసియా నుంచి వచ్చింది. ఇంగువ ఇప్పటికీ ఇరాన్, అఫ్గానిస్థాన్ వైపు నుంచే వస్తుంది. ఎండుమిర్చి, టమాటా అమెరికా ఖండాలవి. ఈ గిన్నెలో చివరగా చేరినవి ఆ రెండే.

అమెరికా పంటలు అంత ఆలస్యంగా రావడానికి కారణం భూమి చరిత్రలో ఉంది. కోట్ల ఏళ్ల కిందట ఖండాలు విడిపోయి మధ్యలో అట్లాంటిక్ ఏర్పడింది. రెండు వైపులా జీవజాలం దేని దారిన అది పెరిగింది. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు సైబీరియా, అలాస్కాల మధ్య నేల తేలింది. మనుషులు అటుగా అమెరికా చేరారు. మంచు కరిగాక ఆ దారి మునిగిపోయింది. అప్పటినుంచి రెండు వైపులా మనుషులు వేరువేరుగా వ్యవసాయం నేర్చుకున్నారు. ఇటు వరి, గోధుమ, చెరకు, ఆవు, గుర్రం, పంది. అటు మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప, వేరుశనగ, పొగాకు, కోకో. అటువైపు పెద్ద పెంపుడు జంతువులు లామా, అల్పాకా తప్ప లేవు. పశువులతో కలిసి బతకడం వల్ల, కిక్కిరిసిన ఊళ్ల వల్ల ఇటు స్థిరపడిన మశూచి, తట్టు లాంటి జబ్బులు అక్కడ లేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని చాలామంది అంటారు.

1492 తర్వాత ఈ రెండు ప్రపంచాల మధ్య మొదలైన మొక్కల, జంతువుల, క్రిముల రాకపోకలకు అమెరికన్ చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ క్రాస్‌బీ 1972లో 'కొలంబియన్ ఎక్స్ఛేంజ్' అని పేరు పెట్టాడు. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. జరిగింది అంత సమానంగా లేదు, అది ముందుకెళ్లేకొద్దీ కనిపిస్తుంది.

కొలంబస్ కంటే ముందు ఓడలెక్కినవి

కొలంబస్‌తోనే అంతా మొదలైందనుకోవడం పొరపాటు. మన రాయలసీమ సంగటిలోని రాగి, తెలంగాణ రొట్టెలోని జొన్న, సజ్జలు, మూడూ ఆఫ్రికాలో సాగులోకి వచ్చినవే. జొన్న, సజ్జలు సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి భారత ఉపఖండంలో కనిపించడం మొదలవుతాయి. అరేబియా తీరం వెంబడి చిన్న పడవల్లో, రేవు నుంచి రేవుకు చేతులు మారుతూ వచ్చాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే అభిప్రాయం.

తూర్పున ఆస్ట్రోనీషియన్ నావికులది ఇంకా పెద్ద సాహసం. ఇండోనేషియా దీవులవైపు నుంచి వాళ్లు హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్‌లో స్థిరపడ్డారు. ఆసియా వరి వాళ్ల వెంటే అక్కడికి వెళ్లింది. కొబ్బరికాయ సముద్రంలో తనంతట తాను తేలిపోగలదు కాబట్టి మనిషి అవసరం లేదని అనిపిస్తుంది. కానీ 2011లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనం కొబ్బరిలో రెండు పెద్ద కుటుంబాలున్నాయని తేల్చింది. ఒకటి పసిఫిక్‌ది, ఇంకొకటి మన హిందూ మహాసముద్రంది. ఈ రెండూ కలిసిపోయి కనిపించే చోట్లలో మడగాస్కర్ ఒకటి, అంటే ఆ నావికులు నడిచిన దారే.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న చిలగడదుంపది. అది అమెరికా పంట. కొలంబస్ పుట్టకముందే పసిఫిక్ మధ్యలోని పాలినేషియా దీవుల్లో పండింది. కుక్ దీవుల్లోని మంగాయియాలో పాతకాలపు మాడిన దుంప ముక్కలు దొరికాయి. పాలినేషియన్ నావికులు దక్షిణ అమెరికా దాకా వెళ్లి తెచ్చుకున్నారని ఒక వాదం. గింజలు నీటిలోనో పక్షులతోనో మనుషుల కంటే ముందే వెళ్లి ఉంటాయని 2018లో ఒక జన్యు అధ్యయనం ఎదురు వాదించింది. 2020లో ఇంకో బృందం మొక్కను వదిలి మనుషుల డీఎన్‌ఏ చూసింది. సుమారు 1200 ప్రాంతంలో పాలినేషియన్లూ అమెరికా ఆదివాసులూ కలిసిన గుర్తులు అందులో బయటపడ్డాయి. మనుషులు కలిశారని దీంతో గట్టిపడింది. దుంప కూడా వాళ్లతోనే వచ్చిందా అన్నది మాత్రం ఇంకా నడుస్తున్న చర్చే.

ఒక కుందేలు, పదిహేడు ఓడలు

1420ల ప్రాంతంలో పోర్చుగీసువాళ్లు అట్లాంటిక్‌లోని మదీరా దీవి పక్కన ఉన్న పోర్టో శాంటో అనే ఖాళీ దీవిలో స్థిరపడబోయారు. వాళ్ల నాయకుడు బార్తొలొమేయు పెరెస్ట్రెలో ఒక ఆడకుందేలును తెచ్చాడు, అది ఓడలోనే పిల్లలు పెట్టింది. తల్లినీ పిల్లల్నీ దీవిలో వదిలారు. ఆ దీవిలో వాటిని తినే జంతువు ఒక్కటీ లేదు. కొంతకాలానికి కుందేళ్లు ఎన్ని అయ్యాయంటే, నాటిన ప్రతి మొక్కనూ కొరికేశాయి. ఎన్ని చంపినా తగ్గలేదు. చివరికి మనుషులే దీవి వదిలి కొన్నాళ్లు మదీరాకు పోవాల్సి వచ్చింది. కొత్తచోట అదుపు తప్పి పెరిగి, అక్కడివాటిని దెబ్బతీసే ఇలాంటి జీవుల్నే ఇప్పుడు ఇన్వేసివ్ జాతులు అంటున్నాం. పరాయి జాతి ప్రతిదీ ఇన్వేసివ్ కాదు. టమాటా పరాయిదే, కానీ మన పొలం గట్టు దాటి అడవిని మింగలేదు.

ఆ పెరెస్ట్రెలో కూతురు ఫిలిపానే తర్వాత కొలంబస్ పెళ్లి చేసుకున్నాడు. మదీరాలో చక్కెర వ్యాపారం ఎలా నడుస్తుందో కొలంబస్ దగ్గరుండి చూశాడు. ఇది గుర్తుంచుకుంటే అతని రెండో ప్రయాణం అర్థమవుతుంది. మొదటిసారి, 1492లో, మూడు చిన్న ఓడల్లో దారి వెతుక్కుంటూ వెళ్లాడు. 1493 సెప్టెంబర్ 25న కాదిజ్ రేవు నుంచి బయలుదేరినప్పుడు మాత్రం 17 ఓడలు, 1,200 మందికి పైగా మనుషులు. గుర్రాలు, ఆవులు, పందులు, గొర్రెలు, గోధుమ గింజలు, చెరకు ముక్కలు. దారిలో కెనరీ దీవుల దగ్గర ఆగి ఎనిమిది పందుల్ని కొన్నారని ఆ కాలపు పూజారి లాస్ కాసాస్ రాశాడు. ఆ కొద్ది పందుల సంతానమే కరీబియన్ దీవుల నిండా వ్యాపించిందని కూడా అతనే చెప్పాడు. ఇది చూడటానికి వచ్చినవాళ్ల ప్రయాణం కాదు, తమ ఊరిని మూటగట్టుకుని తెచ్చి అక్కడ దించుకోవడానికి వచ్చినవాళ్లది.

ఇందులో గుర్రానిది వింత కథ. గుర్రం జాతి పుట్టిందే ఉత్తర అమెరికాలో. సుమారు 10,000 ఏళ్ల కిందట అక్కడ అంతరించింది. కొలంబస్ ఓడల్లో అది పుట్టింటికి తిరిగి వెళ్లింది. అక్కడి కోమాంచీ, లకోటా ప్రజల జీవితమే గుర్రంతో మారిపోయింది. కాలినడకన దున్నల్ని వేటాడినవాళ్లు రెండు మూడు తరాల్లో గొప్ప రౌతులయ్యారు, స్పానిష్, అమెరికన్ సైన్యాలను చాలాకాలం నిలువరించారు.

మశూచి చంపిందా, మనుషులు చంపారా?

ఓడల్లో ఎవరూ రాసుకోని సరుకు క్రిములు. 1492 నాటికి అమెరికాల్లో ఎంతమంది ఉండేవాళ్లన్న దానికి 1 కోటి లోపు నుంచి 10 కోట్లు దాటి దాకా అంచనాలున్నాయి. ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది 5, 6 కోట్ల దగ్గర ఆగుతున్నారు. తర్వాతి 100, 150 ఏళ్లలో చాలా ప్రాంతాల్లో జనాభా పదోవంతుకు పడిపోయిందన్నది విస్తృతంగా ఒప్పుకునే మాట.

కారణం దగ్గరే వాదం. క్రాస్‌బీ లాంటివాళ్ల వివరణ రోగనిరోధక శక్తి మీద నిలబడుతుంది. యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో మశూచి తరతరాలుగా ఉంది. చిన్నప్పుడే సోకి బతికి బట్టకట్టినవాళ్లకు మళ్లీ రాదు. అమెరికాలో దాన్ని చూసినవాళ్లే లేరు. ఇంట్లో అందరూ ఒకేసారి మంచమెక్కితే నీళ్లిచ్చేవాళ్లు, పొలం చూసేవాళ్లు ఉండరు. జబ్బుకు తోడు ఆకలి చేరుతుంది. 1520లో ఇప్పటి మెక్సికోలోని ఆజ్టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో ఇదే జరిగింది. స్పానిష్ సైన్యాన్ని తరిమేసిన కొద్ది నెలలకే అక్కడ మశూచి చొరబడింది. కొత్త రాజు క్విట్లావాక్ గద్దెనెక్కిన సుమారు 80 రోజులకే దానితో పోయాడు. 1521 ఆగస్టు 13న నగరం పడిపోయింది.

రెండో పక్షం ఒక తేదీని ముందు పెడుతుంది. కొలంబస్ స్థావరం పెట్టుకున్న హిస్పానియోలా దీవిలో మశూచి నమోదైంది 1518 చివర్లో. కానీ 1514లో స్పానిష్ అధికారులు దీవిలోని తైనో ప్రజల్ని యజమానులకు పంచిపెట్టినప్పుడు లెక్కతేలింది 26,000 చిల్లర మందే. మొదట లక్షల్లో ఉన్నవాళ్లు మశూచి రాకముందే అంత తగ్గారంటే దాన్ని ఒక్క క్రిమి మీద వేయలేం. బంగారు గనుల్లో బలవంతపు చాకిరీ, విడిపోయిన కుటుంబాలు, దున్నేవాడు లేక ఎండిన పొలాలు, తిండిలేమి. వీటికి తోడు ఇతర జ్వరాలు ముందే మొదలై ఉండొచ్చు.

నాకు ఈ రెండో వాదంలో బలం కనిపిస్తుంది, మొదటిదాన్ని కొట్టిపారేయలేకపోయినా. క్రిమి సోకడం ఎవరి చేతిలోనూ లేదు. సోకిన మనిషిని గనిలోకి తోలడం మాత్రం ఒకరి నిర్ణయం. అంతా మశూచి మీద వేస్తే ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు కనపడకుండా పోతారు.

చెరకు వెళ్లిన దారి, కోరంగి దాకా

ఓడలెక్కిన మొక్కల్లో మనుషుల్ని ఎక్కువగా ఈడ్చుకుపోయింది చెరకు. న్యూగినీలో సాగులోకి వచ్చింది. రసాన్ని కాచి గట్టి చక్కెరగా మార్చే విద్య భారతదేశంలో పెరిగింది. ఆ పని నేర్చుకోవడానికి 7వ శతాబ్దంలో చైనా టాంగ్ చక్రవర్తి ఇక్కడికి మనుషుల్ని పంపాడు. పర్షియా, అరబ్బుల మీదుగా చెరకు మధ్యధరా చేరింది, అక్కడి నుంచి మదీరాకు, కెనరీలకు, చివరికి కొలంబస్ ఓడల్లో కరీబియన్‌కు.

చెరకు రైతుకు తెలిసిన విషయమే, కోశాక గడను ఉంచలేం. గంటలు గడిచేకొద్దీ తీపి పడిపోతుంది. కాబట్టి నరికేవాళ్లు, మోసేవాళ్లు, గానుగ ఆడించేవాళ్లు, కాచేవాళ్లు, పొయ్యికి కట్టెలు తెచ్చేవాళ్లు అందరూ పొలం పక్కనే రాత్రీ పగలూ ఉండాలి. పెద్ద తోటకు వందల చేతులు కావాలి. దీవుల్లోని తైనోలు అప్పటికే కరిగిపోయారు. ఆ చేతుల కోసం యూరప్ వ్యాపారులు ఆఫ్రికాకు వెళ్లారు. 16 నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా సుమారు 1.25 కోట్ల మందిని ఓడలెక్కించారు. 1.07 కోట్ల మందే ప్రాణాలతో దిగారు. మిగతా 18 లక్షల మంది దారిలోనే చనిపోయారు. ప్రాణాలతో దిగినవాళ్లలో అత్యధికులు వెళ్లింది బ్రెజిల్‌కు, కరీబియన్‌కు, అంటే చెరకు దేశాలకే.

ఆ ఓడల్లోనే ఆఫ్రికా నుంచి ఈడిస్ దోమ, పచ్చజ్వరం వచ్చాయి. చక్కెర ఆరబెట్టే మట్టికుండలు తోటల్లో వేల సంఖ్యలో ఉండేవి. పనిలేని రోజుల్లో వాటిలో వాననీళ్లు నిలిచేవి. ఈడిస్‌కు అంతకంటే ఏం కావాలి? చిన్నప్పుడే జ్వరం సోకి తట్టుకున్న స్థానికులకు పెద్దగా భయం లేదు, యూరప్ నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు అది మృత్యువే. ఫ్రెంచి పాలనలో ఉన్న హైతీలో బానిసలు తిరగబడితే అణచడానికి నెపోలియన్ 1801 చివర్లో బావమరిది లెక్లేర్‌ను సైన్యంతో పంపాడు. ఆ సైన్యంలో ఎక్కువమందిని పచ్చజ్వరం తినేసింది, 1802 నవంబర్‌లో లెక్లేర్ కూడా పోయాడు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. గెలిచింది దోమ కాదు, పోరాడిన మనుషులు. అయితే ఫ్రెంచి సైన్యం అంత త్వరగా కుప్పకూలడంలో దోమకూ వాటా ఉంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834 నుంచి బానిసత్వం రద్దవడం మొదలైంది. చెరకు తోటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇక్కడ తెలుగువాళ్లు ఈ కథలోకి వస్తారు. మారిషస్‌కు 1834 నుంచే భారత కూలీలను ఒప్పందం మీద తీసుకెళ్లారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం వైపు నుంచి తెలుగు కుటుంబాలు ఆ ఓడలెక్కాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న చేరింది. ఆ తర్వాత ఫిజీ. ఈ రోజు మారిషస్‌లో ఉగాది జరుపుకునే కుటుంబాలు, డర్బన్‌లో తెలుగు ఇంటిపేర్లున్నవాళ్లు అక్కడ ఉండటానికి మూలకారణం ఒక గడ్డిజాతి మొక్క. మన దగ్గర చక్కెరగా మారడం నేర్చుకున్న చెరకు సగం ప్రపంచం చుట్టి, చివరికి మన మనుషుల్నే తన దగ్గరికి లాక్కుంది.

మొక్క వెళ్లింది, తోడు వెళ్లలేదు

మెక్సికోలో మొక్కజొన్నను అలాగే తినరు. సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. వేల ఏళ్ల అలవాటు. దీనివల్ల గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి అందుతుంది. స్పానిష్ ఓడలు గింజను తెచ్చాయి, వండే పద్ధతిని తేలేదు. యూరప్ పేదలు మొక్కజొన్నే మూడు పూటలా తినడం మొదలుపెట్టాక చర్మం మీద ఎండకాలిన మచ్చలు, విరేచనాలు, చివరికి మతిభ్రమణం వచ్చే జబ్బు పుట్టింది. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ దీన్ని మొదట గుర్తించాడు. ఇదే పెలాగ్రా. ఇటలీని పట్టి పీడించింది, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో లక్షల మందికి సోకింది. అంటురోగమని డాక్టర్లు గట్టిగా నమ్ముతున్న రోజుల్లో అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది తిండి లోపమని నిరూపించాడు. అసలు పదార్థం నియాసిన్ అని తేలింది 1937లో. మన దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదల్లోనూ పెలాగ్రా కనిపించింది. 1960లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం దానిమీద పనిచేసింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటమే కారణమని వాళ్లు ప్రతిపాదించారు, దాని మీద తర్వాత భిన్నాభిప్రాయాలూ వచ్చాయి.

వెనిల్లాకు తోడు రాలేనిది తేనెటీగ. మెక్సికో వైపు పుట్టిన ఆ తీగను 1820 ప్రాంతంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చారు. ఏపుగా పాకింది, పూసింది, కాయ మాత్రం పట్టలేదు. పువ్వులో పుప్పొడికీ అండాశయ ద్వారానికీ మధ్య ఒక పల్చటి పొర అడ్డంగా ఉంటుంది. పుట్టింట్లో దాన్ని దాటించే కీటకాలు ఇక్కడ లేవు. పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే 12 ఏళ్ల బానిస కుర్రాడు సన్నటి పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని లోపలికి అదిమాడు. కాయ పట్టింది. ఆ ఒక్క కదలిక దీవి మొత్తానికి నేర్పించారు. మడగాస్కర్ ఈ రోజు ప్రపంచానికి వెనిల్లా అమ్ముతోందంటే ఆ వేళ్ల చలవే, ఇప్పటికీ ప్రతి పువ్వునూ చేత్తోనే అలా కలుపుతారు. 1848లో బానిసత్వం నుంచి బయటపడిన ఎడ్మండ్‌కు ఆ సంపదలో ఏమీ దక్కలేదు. 1880లో పేదరికంలోనే చనిపోయాడు.

బంగాళాదుంపది ఇంకో రకం. ఆండీస్ కొండల్లో ఒక్క కుటుంబం తన చేలో ఎన్నో రకాలు కలిపి వేస్తుంది, ఒకదానికి తెగులొస్తే ఇంకోటి నిలుస్తుంది. ఐర్లాండ్ పేదల చేలల్లో ఎక్కువగా ఉన్నది లంపర్ అనే ఒకే రకం. దుంప ముక్కల నుంచే పెంచుతారు కాబట్టి అన్నీ ఒకే మొక్క నకళ్లు. 1845లో అమెరికా ఖండం నుంచి తెగులు కూడా ఓడెక్కి వచ్చేసరికి అన్నీ ఒకేసారి కుళ్లాయి. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షలకు పైగా దేశం వదిలారు. అప్పుడూ ఐర్లాండ్ నుంచి తిండిగింజలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. తెగులు దుంపను చంపింది, మనుషుల్ని చంపింది ప్రభుత్వ విధానం అనే వాదం అక్కడ ఇప్పటికీ బలంగా ఉంది.

శత్రువు వెనక ఉండిపోతే మాత్రం మొక్కకు పండగే. రబ్బరు చెట్టు ఆకుతెగులు అమెజాన్‌లో ఉండిపోయింది, అందుకే ఆసియాలో తోటలు నిలిచాయి. బ్రెజిల్‌లో హెన్రీ ఫోర్డ్ 1928లో మొదలుపెట్టిన తోటలను అదే తెగులు పాడుచేసింది. మన చేల చుట్టూ కంచెగా పెరిగిన నాగజెముడు కూడా అమెరికాదే. ఎర్రరంగునిచ్చే పురుగును పెంచాలని 1795లో బ్రెజిల్ నుంచి ఒక పురుగును ఈస్టిండియా కంపెనీ మనుషులు భారత్‌కు తెచ్చారు. అది వాళ్లనుకున్న రకం కాదు. రంగు నాసిరకం, కానీ ఒక జాతి నాగజెముడును తినేసి నేల ఖాళీ చేసింది. ఒక కీటకంతో కలుపుమొక్కను అదుపుచేసిన తొలి సంఘటనల్లో ఒకటిగా దాన్ని చెబుతారు, ఎవరూ తలపెట్టి చేసింది కాకపోయినా.

మిరప మాత్రం దేన్నీ వెనక వదిలి రావాల్సిన పని లేకుండా వచ్చింది. దానికి ప్రత్యేకమైన తేనెటీగ అక్కర్లేదు, పువ్వు తనతో తానే కలుస్తుంది. ఎండితే నెలలు నిలుస్తుంది. ముఖ్యంగా, ఇక్కడ కారం రుచి ముందే ఉంది. మిరియాలు మలబారు తడి కొండల్లోనే పండేవి, కొనుక్కోవాలి. మిరప ఎవరి పెరట్లోనైనా కాస్తుంది. కొనలేనివాడికి కారం దొరికింది. అంత త్వరగా మనదైపోవడానికి వేరే రహస్యం వెతకనక్కర్లేదు.

శిల్పాల్లో సీతాఫలం, మొక్కజొన్న ఉన్నాయా?

సీతాఫలం అమెరికా పండే. కానీ మథుర, భార్హుత్ శిల్పాల్లో అది ఉందని 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ పురావస్తు నిపుణుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అన్నాడు. ఉత్తరప్రదేశ్‌లో తవ్వకాల్లో దాని గింజలు దొరికాయని కొందరు పరిశోధకులు ప్రకటించారు. 13వ శతాబ్దపు సోమనాథపురం హొయసల గుడిలో దేవతల చేతుల్లో ఉన్నవి మొక్కజొన్న కండెలని అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ జొహానెస్సెన్ వాదించాడు. గింజల వరసలు చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా.

ఎదుటి పక్షం అడిగేది ఇది. మొక్కజొన్న ఉంటే చేలో ఉండాలి, వంటింట్లో ఉండాలి, పన్నుల లెక్కల్లో ఉండాలి. గుడిలో ఒక్కచోటే ఉండి మిగతా ఎక్కడా లేకపోతే ఎలా? ఆ ఆకారం ముత్యాలు పొదిగిన ఫలమని కొందరు భారతీయ శాస్త్రవేత్తలే వివరించారు. సీతాఫలం గింజల సంగతి ఇంత తేలిక కాదు, దాన్ని తోసిపుచ్చాలంటే ఆ గింజలనే మళ్లీ పరీక్షించాలి. రెంటినీ ఒకే గాటన కట్టకపోవడం మంచిది. మొక్కజొన్న వాదం బలహీనం, సీతాఫలానిది తెరిచి ఉన్న ప్రశ్న. మిరప విషయంలో మాత్రం అలాంటి సాక్ష్యమేదీ లేదు.

తిండి పెరిగింది, ఎవరికి?

1700 నుంచి 1900 మధ్య పాత ప్రపంచంలో, అంటే యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో, పెరిగిన జనాభాలో దాదాపు పావు వంతుకు బంగాళాదుంపే కారణమని ఆర్థికవేత్తలు నేథన్ నన్, నాన్సీ కియాన్ 2011లో లెక్కగట్టారు. చైనాలో వరి పండని కొండవాలుల్లో చిలగడదుంప, మొక్కజొన్న జనాన్ని నిలబెట్టాయి. ఆఫ్రికాలో కర్రపెండలం అదే పని చేసింది. అనంతపురం ఎర్రనేలలకు వేరుశనగ, పలాస ఇసుకనేలలకు జీడిమామిడి దొరికాయి. ఇవి చిన్న లాభాలు కావు, ఈ వ్యాసం చదువుతున్న మనలో చాలామంది పూర్వీకులు ఏదో ఒక కరువులో వీటివల్లే గట్టెక్కి ఉంటారు.

అయినా ఈ లాభాన్నీ ఆ చావుల్నీ ఒకే పద్దులో కూడి తీసివేయడం నాకు సరైందిగా తోచదు. లాభపడినవాళ్లూ పోయినవాళ్లూ ఒకరు కాదు. తైనో రైతు కూడా పెంచిన కర్రపెండలం కాంగోలో ఆకలి తీర్చింది. ఆ తైనో కుటుంబం మిగల్లేదు.

వనామీ కూడా ఈ దారిలో వచ్చిందే

2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు భీమవరం నుంచి నెల్లూరు దాకా రొయ్యల రైతులు టెన్షన్ పడింది ఎక్కువగా వనామీ అనే రొయ్య రకం గురించే. వనామీ పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. అంతకుముందు మన చెరువుల్లో ఉన్నది ఇక్కడి టైగర్ రొయ్య. తూర్పు ఆసియాలో మొదలైన వైట్ స్పాట్ వైరస్ 1994 ప్రాంతంలో వచ్చి టైగర్ సాగును కుదేలు చేసింది. 2009లో కేంద్రం వనామీకి అనుమతిచ్చింది, కొన్ని షరతులతో.

కొలంబస్ పందులకు, ఈ రొయ్యకు తేడా ఆ షరతుల్లో ఉంది. వ్యాధిరహితమని ధ్రువీకరించిన తల్లిరొయ్యల్నే తేవాలి. అవి విమానంలో చెన్నై చేరగానే నీలాంకరై దగ్గరి క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షిస్తారు. ఆ తర్వాతే హ్యాచరీకి, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే కేంద్రానికి. తోడు ఏం వస్తోందో ముందే చూడాలన్న పాఠం 500 ఏళ్లకు ఒక నియమమైంది. అలాగని అన్నీ ఆగలేదు. వైట్ స్పాట్ వనామీకీ సోకుతుంది, రొయ్యను గిడసబార్చే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి చెరువుల్లో తిరుగుతూనే ఉంది. వనామీ వేసిన చెరువుల్లో నష్టాలు చూసిన రైతులు కొందరు మళ్లీ టైగర్ వైపు వస్తున్నారు. ఆ టైగర్‌కు కావాల్సిన వ్యాధిరహిత తల్లిరొయ్యలు ఇప్పుడు విదేశీ బ్రీడింగ్ కేంద్రాల నుంచి మన తీరానికి దిగుమతి అవుతున్నాయి.